చక్రముల వాలు, చక్రముల చూపు



ఎద్దులబండి ఇరుసును గూర్చి ప్రసంగింపుమన్నచో నేను జంకక మాటలాడుదును. మా తాతగారి బండి నా చిన్ననాట మా దొడ్డిలో నుండెను. దానికి కందెన పెట్టుట నా పని. మోటారుబండి చక్రములను గూర్చి, అందును పందెపుబాటపై పరుగెత్తించు కారు చక్రములను గూర్చి చెప్పవలసివచ్చుట మాత్రము నాకే వింతగా నున్నది. నేను కర్నూలు జిల్లా ఉన్నత పాఠశాలలలో ముప్పదేండ్లకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. బాలవ్యాకరణమునకును బండి టైరునకును సంబంధమేమని మీరడుగవచ్చును. ఆ సంబంధము గడచిన కార్తికమాసపు వానలో ఒంటిమిట్ట దాపున కుదిరినది.

నా మేనల్లుడు చెన్నపట్టణమున ఉద్యోగి. వానికి రెండే ఆసనములు గల యొక కారు కలదు. నేల కానుకొన్నట్లుండును, అందులోనికి దిగుటయు, అందుండి లేచుటయు నావంటి వయసువానికి వ్యాయామమే. ఆ దినమున వానితో చెన్నపట్టణమునుండి కడపకు వచ్చుచుంటిని. రేణిగుంట వరకు ఎండ. కోడూరు దాటినది మొదలు వాన. రాజంపేట గడచిన పిమ్మట దారిమీద నీరు పలుచగా పారుచుండెను. వేగ మెక్కువ లేదు. ముల్లు 70 దగ్గర నుండుట నేనే చూచితిని. ఉన్నట్లుండి స్టీరింగు వాని చేతిలో తేలికపడినది. కారు ముందుభాగము దారిని వదలి తన యిచ్చకు పోవసాగెను. రెండు మూడు క్షణములు మేము కారులో నుంటిమే గాని కారు మా వశమున లేదు. తుదకు ఎడమప్రక్క మట్టిలోనికి దిగి ఆగెను. మాకు దెబ్బలు తగులలేదు. ఎదుటినుండి వచ్చిన లారీ మమ్ము దాటిపోయిన తరువాత గాని నా చేతులు వణకుచున్న సంగతి నాకు తెలియలేదు.

వాన వెలిసిన పిదప మెల్లగా కడప చేరి ఒక పంక్చరు అంగడి కడ నిలిచితిమి. నేను టైర్ల వంక చూచితిని. చాళ్లు లోతుగా, నిండుగా, కొత్తవానివలె నున్నవి. "టైర్లు బాగుగనే యున్నవి గదా" యంటిని. అంగడి కుర్రవాడు నవ్వి, "సార్, బయట చూస్తే ఏం తెలుస్తాది? లోపలికి చెయ్యి పెట్టి చూడండి" అనెను. చేయి పెట్టితిని. లోపలి అంచున చాళ్లన్నవే లేవు. నున్నగా అరిగి, ఒకచోట టైరులోని పోగులు వేలికి తగిలెను. బయటివైపు పెండ్లికొడుకు, లోపలివైపు పండుముసలి. నీటిని చీల్చి ప్రక్కలకు పంపవలసిన చాళ్లు లేనందున టైరు నీటిపై తేలినదని అప్పుడు బోధపడినది.

ఇదెట్లు జరిగెనని గద్దించి యడుగగా మేనల్లుడు తలవంచుకొని, "ట్రాక్ కోసం అలైన్‌మెంట్ మార్పించినాను మామా. మళ్లీ వెనక్కి మార్పించలేదు" అనెను.

ఆ మాట కర్థము తెలిసికొనుటకు నాకు రెండు నెలలు పట్టినది. తెలిసికొన్నంత చెప్పుచున్నాను. మీలో పందెపుబాటకు పోవువారుండరనియే నా నమ్మకము. అయినను మీ యిండ్ల ముందర కారులున్నవి, సరకు బండ్లున్నవి. పట్టణములలో మీ పిల్లలకు బండ్లున్నవి. శాస్త్రము అన్నిటికిని ఒక్కటే.

మొదట ఆ బాటను గూర్చి రెండు మాటలు. చెన్నపట్టణమునకు పడమట, శ్రీపెరుంబుదూరునకు సమీపమున, ఇరుంగాట్టుకోట్టై యనుచోట మోటారు పందెముల కొరకు కట్టిన బాట కలదు. పూర్వము చెన్నపట్టణమున కుత్తరమున షోలవరములోని పాత విమానస్థలముపై పందెములు జరిగెడివి. ఈ కొత్తబాట 1990 ప్రాంతమున వాడుకలోనికి వచ్చెను. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. మన తెలుగునేలపై 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేనుసాగరము గట్టున ఫార్ములా ఈ యను విద్యుత్తు కారుల పందెము జరుగగా ఫ్రాన్సు దేశస్థుడగు జాన్ ఎరిక్ వెర్న్యు గెలిచెను. అది ఊరి వీథులనే మూసి చేసిన తాత్కాలికపు బాట. ఇరుంగాట్టుకోట్టైలో నున్నది స్థిరమైన బాట. పందెములు లేని కొన్ని దినములలో రుసుము చెల్లించి ఎవరైనను తమ సొంత కారును తెచ్చి తిప్పవచ్చును. దానినే ట్రాక్ డే యందురు. అందు గెలుపోటములు లేవు. అందరును ఒకే దిక్కుగా పోవుదురు, ఎదురుబండి రాదు, శిరస్త్రాణము తప్పనిసరి. ఇది ధనము కాల్చుట యని నేనును మొదట అనుకొంటిని. కాని మన కర్నూలు కడప రహదారిమీద రాత్రివేళల కుర్రవాండ్రు బండ్లను తోలు తీరు చూచినవాడను గనుక, ఆ వేగపు తీట తీర్చుకొనుటకు కంచె వేసిన చోటొకటి యుండుట మేలని ఇప్పుడనుకొందును.

ఇక చక్రము మాట. మన పెద్దలు చక్రమునకు పెట్టిన పేర్లకు కొదువ లేదు. అమరము చదివినవారికి తెలియును: అంచు నేమి, ప్రధి, నడుమ నుండునది నాభి, పిండిక, ఇరుసు చివరి చీల అణి. మన వడ్రంగులు కుండ, ఆకులు, పూటీలు, కడచీల యందురు. చక్రము నిలుచు వాలునకు, చక్రము చూచు దిక్కునకు మాత్రము నాకక్కడ పేర్లు దొరకలేదు. ఎద్దులబండికి వాని అవసర మంతగా లేదు. దాని ఇరుసు ఒక్కటే దూలము. చక్రములు దానికి కట్టుబడి యుండును. బండి తిరుగుట యన్నది ఎడ్లు కాడిని తిప్పుటయే. కారు ముందుచక్రములో, ఒక్కొక్కటి వేరుగా, స్ప్రింగులపై లేచుచు దిగుచు, ఎడమకు కుడికి తిరుగవలెను. అందుచే ప్రతి చక్రము ఏ వాలున నిలువవలెను, ఏ దిక్కు చూడవలెను అని ఎవరో ఒకరు నిర్ణయింపవలసి వచ్చినది. ఆ నిర్ణయమే అలైన్‌మెంట్. నేను సౌకర్యము కొరకు రెండు పేర్లు పెట్టుకొంటిని. మెకానిక్కులు కాంబరనుదానిని వాలు అందును. టో అనుదానిని చూపు అందును.

కారు నెదుట నిలిచి చూడుడు. తాపీవారు గోడకు వేలాడదీయు తూకపు గుండును చక్రము ప్రక్కన వ్రేలాడదీసినచో చక్రము నిట్టనిలువుగా నున్నదో, పై అంచు ఇంజనువైపు వాలినదో, బయటికి వాలినదో తెలియును. లోపలికి వాలుట లోవాలు, బయటికైన వెలివాలు. మా మేనల్లుని కారు తయారై వచ్చినపుడు ముందుచక్రములకు లోవాలు అర డిగ్రీ. ఆ చక్రపు ఎత్తు సుమారు 63 సెంటీమీటర్లు. పై అంచు క్రింది అంచుకంటె అయిదున్నర మిల్లీమీటర్లు మాత్రమే లోపలికుండును, కంటికి తెలియదు. ట్రాక్ కొరకు దానిని రెండున్నర డిగ్రీలు చేయించెను. అప్పుడు పై అంచు 27 మిల్లీమీటర్లు లోపలికి పోవును. ఎదుట నిలిచి చూచినవానికి, కారు కాళ్లు ఎడముగా చాచి నిలిచిన వస్తాదువలె కనబడును.

ఎందులకిట్లు? గువ్వలచెరువు ఘాటులో బస్సెక్కినవారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు. బస్సు కుడికి తిరుగగా మనమెల్లరము ఎడమవైపునకు ఒరగుదుము. మనతోపాటు బస్సు డొక్కయు ఒరగును. కారుకును అంతే. బరువు మలుపునకు బయటివైపు నున్న చక్రములపైకి పోవును. డొక్క ఆ వైపునకు ఒరగును. డొక్కను పట్టుకొని యున్న చక్రమును దానితోపాటు బయటికి వాలును. అప్పుడు టైరు తన వెడల్పంతయు నేలపై ఆనక, బయటి అంచుమీద నిలుచును. చెప్పు మడమ ఒకవైపే అరిగినవాని నడక చూచియున్నారు గదా, అట్లు. టైరు నేలను తాకు చోటు ఇంచుమించు మనుష్యుని అరచేయియంత. మలుపున కారును పట్టి యుంచునది ఆ అరచేయియే. అది వ్రేళ్ల కొనలమీద నిలిచినచో పట్టెక్కడిది?

ఉజ్జాయింపు లెక్క చూడుడు. వేగముగా తిరుగు మలుపులో డొక్క 3 డిగ్రీలు ఒరగినదనుకొందము. చక్రమును పట్టియున్న కడ్డీల అమరిక వలన అందులో ఒక డిగ్రీ తిరిగి చేకూరును. మిగిలినది 2. మొదట అర డిగ్రీ లోవాలు మాత్రమున్న చక్రము అప్పుడు ఒకటిన్నర డిగ్రీలు వెలివాలున నిలుచును, బయటి అంచు చిట్లునంతగా అరుగును. మొదటనే రెండున్నర డిగ్రీలు లోవాలు పెట్టినచో మలుపులో ఇంకను అర డిగ్రీ లోవాలే మిగులును. టైరు ప్రక్కగోడ ప్రక్కకు నలుగును గనుక ఆ అర డిగ్రీ దానికి సరిపోయి, అరచేయి మొత్తము నేలకు ఆనును. తిన్నగా నిలిచినపుడు వంకర, వంగినపుడు తిన్నన; పందెపుబాట వాలునందలి రహస్యమంతయు నిదియే. నిలిచియున్న కారును చూచి వాలు మంచిదో చెడ్డదో చెప్పవీలులేదు. టైరు ఎక్కడ పని చేయవలసియున్నదో అక్కడ చూడవలెను.

మరి కారు చేసినవారే ఆ వాలు ఏల పెట్టలేదని యడిగితిని. వారు రోడ్డుకు చేసిరి. రోడ్డు నూటికి తొంబది పాళ్లు తిన్ననిది. అంతేకాదు, ముందుచక్రముల పట్టును కొంచెము తక్కువగా నుంచుట వారి జాగ్రత్త. మలుపున మితి మీరిన వేగమున పోవు సామాన్యునికి ముందుచక్రములు మొదట జారినచో కారు తిన్నగా పోజూచును, వాడు బెదరి కాలు తీయును, కారు నెమ్మదించును. వెనుకచక్రములు మొదట జారినచో కారు బొంగరమగును. కాబట్టి ముందుభాగమునకు అధికముగా పట్టిచ్చి వెనుకభాగమును మరచుట తెలివి కాదు. ముందు వాలు పెంచినవారు వెనుకను గూడ తగినంత చూడవలెను.

వాలు చాలినదో లేదో తెలిసికొనుటకు రెండుపాయములు. మొదటిది వేడి. కొన్ని చుట్లు తిరిగి వచ్చిన వెంటనే సూదివంటి ఉష్ణమాపకమును టైరులో గ్రుచ్చి లోపలి అంచు, నడుమ, బయటి అంచు మూడును చూతురు. బయటి అంచు మిక్కిలి వేడెక్కియున్నచో వాలు చాలలేదు. లోపలి అంచు రవంత ఎక్కువ వేడిగా నుండుట సరియైనది. నడుమ భాగమే ఎక్కువ కాలుచున్నచో గాలి ఎక్కువైనది. రెండవ యుపాయము వినగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చుంటిని. సుద్దముక్క! టైరు నేలను తాకు భాగపు అంచునుండి ప్రక్కగోడమీదికి సుద్దతో నాలుగైదు గీతలు గీసి చుట్టు తిరిగి రావలెను. గీత అంచువరకే చెరిగినచో మేలు. ప్రక్కగోడపైకి చెరిగినచో టైరు ఒరిగి గోడమీద నడచినది; గాలి గాని వాలు గాని తక్కువ. ముప్పదేండ్లు నల్లబల్లపై నేనరగదీసిన సుద్దకు ఇట్టి గౌరవమున్నదని నేనెరుగను.

గాలి మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. ఉదయము చల్లగా 32 పౌండ్లున్న గాలి, టైరు వేడెక్కిన తరువాత 38 కావచ్చును. అందుచే బాటపై వేడిగా నున్నపుడు కొంత గాలి తీసివేయుదురు. సాయంకాలము తిరిగి నింపక ఇంటికి బయలుదేరినచో, టైరు చల్లారిన కొలది గాలి మరింత తగ్గి, వానలో మాకు జరిగినదానికి మరియొక మార్గము తెరచినట్లగును.

వాలు కథ ఇది. టైరును తినివేయునది మాత్రము ఎక్కువ పాళ్లు వాలు కాదు, చూపు.

దేవునికడపలో రథసప్తమినాడు తేరు లాగుట చూచినవారు మీలో ననేకులుందురు. తేరుకు స్టీరింగు లేదు. మలుపు వచ్చినపుడు చక్రము క్రింద చెక్కదిమ్మె అడ్డముగా వేసి, చక్రమును దానిపై ఒరసి, బలవంతముగా ప్రక్కకు జరుపుదురు. అప్పుడు వినవచ్చు ఆ మూలుగు, చక్రము తాను చూచుచున్న దిక్కునకు గాక వేరొక దిక్కునకు ఈడ్వబడు మూలుగు. కారు చక్రములు రెండును తిన్నగా ముందుకు చూడక, ఒకదానినొకటి చూచుకొన్నట్లు కొంచెము లోపలికి తిరిగియున్న అది లోచూపు, పెడమొగములైన వెలిచూపు. ఏదైనను, కారు తిన్నగా పోవుచున్నపుడు ప్రతి టైరు తన దిక్కునకు పోజూచును, కారు తన దిక్కునకు లాగును. తేరు మూలుగు సన్నగా, నిరంతరముగా సాగుచున్నదన్నమాట. మనకు వినబడదు.

ఎంత? మేనల్లుని కారులో ఒక్కొక్క ముందుచక్రమునకు వెలిచూపు డిగ్రీలో అయిదవవంతు పెట్టిరి. చక్రపు ముందు అంచునకు వెనుక అంచునకు నడుమ రెండు మిల్లీమీటర్ల పై చిల్లర తేడా.  దాని ఫలము కిలోమీటరుకు మూడున్నర మీటర్లు అడ్డముగా ఈడ్చినంత. వాడు ఆ అమరికతోనే ఆఫీసునకును ఊళ్లకును తిరిగి 6000 కిలోమీటర్లు తోలెను. లెక్క వేయుడు: ప్రతి ముందుటైరును 21 కిలోమీటర్లు ప్రక్కవాటుగా నేలకేసి రాచినట్లు. కడప చుట్టుపట్ల రోడ్డు ఎండకాలమున ఎట్లు కాలునో మీకు తెలియును. వాలు వలన బరువంతయు లోపలి అంచున పడినది. చూపు వలన ఆ అంచు ఈడ్వబడినది. రెండును కూడి ఆ పోగులను బయట పెట్టినవి.

అట్లయిన వెలిచూపు ఎందులకు పెట్టుదురు? మలుపులో లోపలి చక్రము చిన్న వలయమున, బయటి చక్రము పెద్ద వలయమున తిరుగును. లోపలిది ఎక్కువ తిరిగి యుండవలెను. స్టీరింగు కడ్డీల అమరికలోనే దానికి కొంత ఏర్పాటున్నది. వెలిచూపు మరికొంత చేర్చును. స్టీరింగు తిప్పుటయే తడవుగా కారు మలుపులోనికి దూకును. బాటమీద అది సుఖము. రోడ్డుమీద అదే కష్టము. చెవులు రిక్కించిన కోడెదూడవలె కారు నిలువదు. లారీలు త్రొక్కిన ప్రతి గాడి దానిని పిలుచును. ఆ దినమున చెన్నపట్టణము విడిచినది మొదలు వాడు స్టీరింగును ఎడతెగక సవరించుచుండుట నేను గమనించితిని, అలవాటనుకొంటిని.

వెనుకచక్రములకు వెలిచూపు ఎప్పుడును పనికిరాదు. దీనిని నొక్కి చెప్పుచున్నాను. కుడికి తిరుగునపుడు బరువు ఎడమ వెనుకచక్రముపై నుండును. దానికి రవంత లోచూపున్నచో అది కుడివైపునకు, అనగా మలుపు లోపలికి చూచుచుండును. తోకను లోపలికి నెట్టి కారును కుదురుగా నిలుపును. వెలిచూపున్నచో తోకను బయటికి విసరును. ప్రమాదములో గాని, పెద్ద గుంతలో పడి గాని వెనుక కడ్డీ వంగిన కారులో ఇదే జరుగును; నడపువాడు తన చేతి తప్పనుకొనును.

ఇంక కాస్టరను మూడవది యున్నది. సైకిలు ముందు కడ్డీ నిట్టనిలువుగా నుండక వెనుకకు వాలియుండుట చూచినారు గదా. అందుచేతనే చేయి వదలినను సైకిలు చక్రము తిన్నబడును. కారు ముందుచక్రము తిరుగు అక్షమునకు అట్టి వాలే కాస్టరు. చాల కారులలో దీనిని మార్చు వీలు లేదు. రెండువైపుల సమానముగా నుండవలెననుట చాలును. లేనిచో కారు ఒకవైపు లాగును.

అమర్చు విధము. మా ఊరి వడ్రంగి ఇరుసు వంగినదో లేదో చూచుటకు దారపు పోగు కట్టెడివాడు. కారునకును, యంత్రము లేనిచోట, ఇరుప్రక్కల సమానాంతరముగా రెండు దారములు కట్టి, చక్రపు ముందు అంచునకును వెనుక అంచునకును దారము నుండి గల దూరములు కొలిచి చూపును కనుగొనవచ్చును. నేడు కెమెరాలతో నాలుగు చక్రములను ఒక్కసారి చూచు యంత్రములు మన పట్టణములలోను వచ్చినవి. యంత్రమెంత గొప్పదైనను కారు నిలుచు చోటు సమతలముగా నుండవలెను. కుడిఎడమ చక్రముల నడుమ ఒకటిన్నర మీటరు దూరమనుకొనుడు. నేల ఒక సెంటీమీటరు పల్లమైనచో వాలు లెక్కలో డిగ్రీకి మూడవవంతును మించిన అబద్ధము దూరును. మన కడపబండలు, బేతంచెర్ల నాపరాళ్లు దేశమంతట పేరుపడినవి. వానిని నీటిమట్టము చూచి పరచినచోట కొలుచుట మేలు. గాలి సరిచూచి, తోలువాని ఆసనమున వాని బరువునకు తగిన ఇసుకసంచి నుంచి, కడ్డీలలోని రబ్బరులు, కీళ్లు వదులుగా లేవని నిశ్చయించుకొని, ముందు వెనుకచక్రములను, పిదప ముందుచక్రములను సవరించవలెను. వాలు మార్చినచో చూపు తానే మారును గనుక వాలు మొదట, చూపు తరువాత. ఈ వరుస తప్పించి, వాలు మాత్రము మార్చి డబ్బు పుచ్చుకొని పంపు పనిశాలలును గలవు. చేయించుకొన్నవారు ముందును వెనుకయు కొలిచిన అంకెల కాగితమును అడిగి తీసికొనవలెను, ఇవ్వననువానివద్దకు పోరాదు.

మార్పు చేయని సామాన్య కారులో వాలునకు కొంతవరకే ఎడమున్నది. తయారించినవారు ఇచ్చిన బోల్టుల యెడము మేరకే జరుపవచ్చును. చాలలేదని రంధ్రములను ఆకురాయితో రాచి పెద్దవి చేయుట ప్రాణముతో చెలగాటము. ఒక్క కారుతోనే ఆఫీసునకును బాటకును పోవు మా మేనల్లునివంటివారికి, అనుభవజ్ఞులతో వాడు మరల విచారించి తెచ్చిన సలహా యిది: ముందు లోవాలు ఒకటిన్నర మొదలు 2 డిగ్రీల వరకు; వెనుక దానికంటె కొంచెము తక్కువ; ముందు చూపు సున్న; వెనుక ఒక్కొక్క చక్రమునకు లోచూపు డిగ్రీలో పదవవంతు. బాటమీద కొంత పట్టు తగ్గును. రోడ్డుమీద కారు కుదురుగా నడచును, టైరు బ్రదుకును. ఏ కారుకైనను దానితో వచ్చు పుస్తకములోని హద్దులను ముందు చూడవలెను. బాటకు పోని మీ కారులకు ఈ అంకెలు వద్దు. పుస్తకములో నున్నవే చాలును. మీరు చేయవలసినదెల్ల గుంతలో గట్టిగా పడినపుడు, స్టీరింగు ఒకవైపు లాగినపుడు, టైర్లు మార్చినపుడు ఒకసారి చూపించుట. నెలకొకసారి స్టీరింగు పూర్తిగా ఒకవైపు తిప్పి, లోపలి అంచును చేతితో తడుముట.

బాట ఏ దిక్కుగా తిరుగునో గూడ చూడవలెనట. ప్రదక్షిణముగా తిరుగు బాటపై కుడి మలుపులెక్కువ గనుక ఎడమ టైర్లు ముందుగా అరుగును. దేవుని చుట్టు తిరిగినను మన ఎడమకాలే ఎక్కువ దూరము నడచును గదా యని నేనంటిని. వాడు నవ్వలేదు, టైర్లు ప్రక్కలు మార్చు లెక్క చెప్పసాగెను.

ఇప్పుడు వాని కారు ముందు లోవాలు 1.7 డిగ్రీలు, ముందు చూపు సున్న. నాలుగు కొత్త టైర్లు వాని రెండు నెలల పొదుపు మింగినవి. మొన్న సంక్రాంతికి వచ్చినపుడు కాళ్లు కడుగుకొనకముందే నేను కారు ప్రక్కన వంగి చేయి పెట్టి చూచితిని. చాళ్లు లోపలను బయటను ఒక్కతీరుగనే తగిలినవి. వాడు అరుగుమీద నిలిచి చూచుచు, "మామా, నీ దగ్గర సుద్దముక్కల పెట్టె ఏమన్నా మిగిలినాదా?" అని అడిగెను. బీరువా పైఅరలో ఒకటి విప్పనిది యుండెను, తీసియిచ్చితిని.